తలుపు వెనక జంతువు

మౌలాబీ పగబట్టి పిచ్చమ్మ కోడలి గదిలో ఒక పాడు జంతువు పటం పెట్టించిందనీ, మనిషి ఎటు కదిలితే ఆ జంతువు కళ్ళు అటు తిరుగుతాయనీ, కడుపుతో ఉన్న పిల్ల దాన్ని చూసి చూసి పిచ్చిదైపోయిందనీ దర్శిలో సగం మంది ఇప్పటికీ చెప్పుకుంటున్నారు. బస్టాండు టీ కొట్టులో ఒక రకంగా, నీళ్ళ ట్యాంకరు దగ్గర ఇంకో రకంగా. పటం సంగతి నిజం. అది మౌలాబీ కొట్టులోంచే వెళ్ళిందన్నదీ నిజమే. మిగతాది ఎవరి నోటికి వచ్చినట్టు వాళ్ళు అల్లుకున్నది. ఇంతమంది ఇన్ని మాటలు అన్నారు గానీ, ఒక్కరైనా వెళ్ళి ఆ మనిషిని ఎందుకు చేశావమ్మా అని అడిగిన పాపాన పోలేదు. అడిగింది పిచ్చమ్మ ఒక్కతే. అదీ అందరికన్నా ఎక్కువ భయపడ్డాక.

ముందు మౌలాబీ ఎవరో తెలియాలి. బస్టాండు నుంచి కూరగాయల మార్కెట్టుకు పోయే దారిలో, మందుల షాపును ఆనుకుని, మంచం వేస్తే నిండిపోయేంత కొట్టు ఆమెది. పటాలు కడుతుంది. భర్త లాల్ అహ్మద్ ఉన్నన్నాళ్ళూ అద్దాలు ఆయన కోసేవాడు, ఆమె వెనక అట్ట పెట్టి, సన్న మేకులు కొట్టి, అంచులకు కాగితం అంటించేది. ఆయాసంతో ఆయన మంచం పట్టాక అద్దం కోసే కలం ఆమె చేతికొచ్చింది. ఆయన పోయి చాలా కాలమైంది. కలం ఆమె చేతిలోనే ఉంది.

ఊళ్ళో ఏ ఇంటికెళ్ళినా ఆమె కట్టిన పటం ఒకటి కనిపిస్తుంది. పెళ్ళి ఫోటోలు, వెంకటేశ్వరస్వామి, మేరీమాత, డిగ్రీ సర్టిఫికెట్లు. దేవుడి పటమైతే చెప్పులు విప్పి, బల్ల మీద ఉతికిన గుడ్డ పరిచి కడుతుంది. ఏ దేవుడన్నది చూడదు. పోయినవాళ్ళ ఫోటో అయితే దండ తగిలించడానికి పైన కొక్కేలు అడక్కుండానే బిగిస్తుంది. తెచ్చినవాళ్ళు కన్నీళ్ళు పెట్టుకుంటే పెట్టుకోనిస్తుంది గానీ ఎలా పోయారు, ఎప్పుడు పోయారు అని ఆరా తీయదు. ఈ గుణం చాలామందికి గిట్టదు. ఏమీ అడగని మనిషి ఏదో దాస్తుందని లోకం అనుమానం. పైగా ఊరందరికీ పటాలు కట్టే మనిషి ఇంట్లో గోడకు ఒక్క బొమ్మ ఉండదు. నమాజు చేసుకునే ఇంట్లో ప్రాణుల బొమ్మలు పెట్టకూడదని వాళ్ళ పెద్దల మాట. లాల్ అహ్మద్ ఫోటో కూడా బీరువాలో చీరల మధ్యే ఉంటుంది.

ఆ జంతువు బొమ్మను ఆమె కొట్టుకు తెచ్చినవాడు ఆమె తమ్ముడి కొడుకు అనీస్. ఒంగోలులో ప్రింటింగు షాపు పెట్టాడు. పెళ్ళి కార్డులు, ఫ్లెక్సీలతో పాటు ఈ మధ్య మందపాటి కాగితం మీద పాతకాలపు బొమ్మలు అచ్చు వేసి, ఆర్ట్ ప్రింట్లని పేరుపెట్టి కాఫీ హోటళ్ళకూ కొత్త ఫ్లాట్లవాళ్ళకూ అమ్ముతున్నాడు. అట్ట గొట్టంలో చుట్టి ఒకటి తెచ్చి, కట్టి కొట్టు ముందు పెట్టత్తా, అడిగినవాళ్ళకు నా నంబరు ఇవ్వు అన్నాడు. అయిదొందల ఏళ్ళ కిందట విదేశాల్లో ఎవరో చెక్కి అచ్చు తీసిన బొమ్మట. మన దేశం నుంచే ఆ జంతువును ఓడెక్కించి పంపితే, అక్కడ చూసినవాళ్ళు చెప్పింది విని, తను కళ్ళతో చూడకుండానే ఆ మహానుభావుడు చెక్కాడట. ఖడ్గమృగమని అనీస్ చెప్పాడు గానీ, సినిమాల్లో చూసే ఖడ్గమృగం ఇలా ఉండదు. దీని ఒంటినిండా ఇనప రేకులు తొడిగినట్టు రేకు మీద రేకు. కాళ్ళకు చేప పొలుసులు. ముక్కు మీద పెద్ద కొమ్ము చాలనట్టు మెడ వెనక మరో చిన్న కొమ్ము. కొట్టుకు వచ్చినవాళ్ళు చూసి మొహం తిప్పుకునేవాళ్ళు. ఎవరూ అనీస్ నంబరు అడగలేదు.

ఇక పిచ్చమ్మ. శివాలయం వెనక వీధిలో ఇల్లు, ఊరి బయట మిరప చేను. కొడుకు లక్ష్మీకాంత్ సేద్యం చేస్తాడు. కోడలు అఖిల నెమ్మదైన పిల్ల. పెళ్ళయ్యాక రెండుసార్లు కడుపు నిలిచింది, రెండుసార్లూ నెలలు నిండకుండానే పోయింది. మొదటిసారి అయిదో నెలలో. రెండోసారి ఏడో నెల పడ్డాక. అప్పటినుంచి పిచ్చమ్మకు అన్నిటికీ భయమే. మూడోసారి కడుపు నిలిచిందని తెలిశాక ఆమె ఆ మాట ఎవరికీ చెప్పలేదు. పుట్టింటికి పంపడం అచ్చిరాలేదని ఇంట్లోనే ఉంచుకుంది. నలుగురి కళ్ళూ పడతాయని శ్రీమంతం మానేసింది. గ్రహణం నాడు కోడల్ని కదలకుండా పడుకోబెట్టి పక్కనే కూర్చుంది. పిలిస్తే వినపడాలని ఆ గది తలుపు వేయనిచ్చేది కాదు.

పిల్లలు అందంగా పుట్టాలని కడుపుతో ఉన్నవాళ్ళ గదిలో ముద్దులొలికే బిడ్డ పటం పెట్టడం అందరిళ్ళలోనూ ఉన్నదే. బోర్లా పడుకుని, బుగ్గన చుక్కతో, బోసినోటితో నవ్వే పిల్లాడి పటాన్ని పిచ్చమ్మ ఎప్పుడో తిరణాలలో ఎంచి మరీ కొన్నది. మొదటిసారీ అదే గోడకు పెట్టారు, రెండోసారీ అదే. ఈసారి దించి చూస్తే చట్రానికి చెద పట్టింది. మౌలాబీ దగ్గర మళ్ళీ కట్టించుకు రమ్మని అఖిలకే ఇచ్చి పంపింది. డాక్టరమ్మ నడవమంది కదా, అదో నడక అవుతుందని. అఖిల కాగితం చుట్టిన పటంతో తిరిగొచ్చింది. కొత్తగా కట్టిన పటాన్ని ముందు కడుపులో బిడ్డ ఉన్న మనిషే చూడాలని పిచ్చమ్మ పట్టింపు. అందుకని విప్పి చూడకుండా కోడలి చేతే మేకు కొట్టించింది. ఎక్కడ పెట్టావంటే తలుపు వెనక గోడకని చెప్పింది, పడుకుంటే సూటిగా కనిపిస్తుందని. పిచ్చమ్మ సంతోషించింది. తలుపు ఎప్పుడూ ఓరగా తీసే ఉంటుంది కాబట్టి ఆ పటం మంచం మీద పడుకున్న మనిషికి కనిపించేది గానీ, వచ్చేపోయే పిచ్చమ్మకు రెక్క చాటున కంట పడలేదు. లక్ష్మీకాంత్ ఆ కోతల కాలమంతా కాయలకు కాపలాగా చేలోని కల్లం దగ్గరే పడుకునేవాడు.

ఎనిమిదో నెల నడుస్తుండగా ఒక మధ్యాహ్నం పెరట్లో తాలుకాయలు ఏరిస్తున్నారు. ఎర్రటి కాయల్లోంచి తెల్లబారినవి తీసి పక్కన పోయడం. వీధిలోని ఆడవాళ్ళు నలుగురు కూర్చున్నారు. పిచ్చమ్మ కోడలికి మజ్జిగ తీసుకుని గదిలోకి వెళ్ళింది. అంతలో గాలి తిరిగి ఘాటు లోపలికి కొట్టింది. అఖిల దగ్గసాగింది. దగ్గు గట్టిగా వస్తే ఎక్కడ నొప్పులు మొదలవుతాయోనని పిచ్చమ్మ గభాలున తలుపు మూసి వెనక్కి తిరిగింది.

ఎదురుగా అది ఉంది.

పిల్లాడు లేడు. రేకుల ఒళ్ళు, పొలుసుల కాళ్ళు, రెండు కొమ్ములు. సగం మూసిన చిన్న కన్ను ఒకటి నేరుగా మంచం వైపు చూస్తోంది. పిచ్చమ్మకు అరుపు గొంతుదాకా వచ్చింది. అరిస్తే పిల్ల జడుసుకుంటుందని దాన్ని మింగేసింది. మజ్జిగ గ్లాసు బల్ల మీద పెట్టింది. అఖిల గోడవైపు తిరిగి పడుకునే ఉంది. పడుకో అమ్మా అని చెప్పి, తలుపు తీసి, గోడ పట్టుకుని బయటికి వచ్చింది.

అప్పుడే మాట బయట పడకుండా ఉండాల్సింది. కానీ భయం ఒక్కదాని కడుపులో ఎంతసేపని ఆగుతుంది? పక్కింటి మాధురి చేతులు పట్టుకుని చెప్పేసింది. రోజూ దాన్నే చూస్తోందే, నెలల తరబడి దాన్నే చూస్తోంది, బిడ్డ ఎలా వస్తుందే అని. మాధురి దిష్టి తియ్యమంది. పిచ్చమ్మ ఉప్పూ ఎండుమిరపకాయలూ గుప్పిట పట్టి, నిద్రపోతున్న కోడలి చుట్టూ తిప్పి, పెరట్లో పొయ్యి నిప్పుల్లో వేసింది. దిష్టి లేకపోతే ఘాటుకు ముక్కు బద్దలవుతుంది, దిష్టి ఉంటే ఘాటు రాదు. ఇది చిన్నపిల్లలకు కూడా తెలుసు. కాయలు నల్లగా మాడి బూడిదయ్యాయి. పిచ్చమ్మ వంగి వాసన చూసింది. మాధురి వంగి చూసింది. కాయలు ఏరుతున్నవాళ్ళూ వచ్చి చూశారు. ఒక్కరికీ తుమ్ము రాలేదు.

పొద్దుటినుంచి మిరపకాయల గుట్ట పక్కన కూర్చున్న ముక్కులవి. వాటికి ఇంకే ఘాటు తెలుస్తుంది? ఈ ముక్క తర్వాత అందరూ ఒప్పుకున్నారు గానీ ఆ పూట ఎవరికీ తట్టలేదు. ఒకరి మొహాలు ఒకరు చూసుకుని చీరకొంగులు సర్దుకున్నారు. కల్లంలో ఏరడానికి వెళ్ళే ఆడవాళ్ళు ఒక ఇంట్లో విన్నది ఇంకో ఇంట్లో దింపుతారు. తెల్లారేసరికి మాట ఊరి అవతలి కొసకు చేరింది. సాయంత్రానికి ఆ జంతువు కళ్ళు తిరగడం మొదలుపెట్టాయి.

మౌలాబీ కొట్టుకు జనం తగ్గారు. కట్టమని ఇచ్చిన పటాలు కట్టకుండానే వెనక్కి తీసుకున్నారు. ఎవరో రాయి విసిరితే గోడకు ఆనించిన అద్దాలు పగిలాయి. ఆమె ఊడ్చి, షట్టరు సగం దించుకుని లోపల కూర్చుంది. అనీస్ వచ్చి ఒంగోలు వచ్చెయ్యత్తా అని బతిమాలితే, పని ఉంది, అయ్యాక చూద్దాం అన్నదట. ఆ కొట్టులో అప్పుడు పనేముందో ఎవరికీ అర్థం కాలేదు.

లక్ష్మీకాంత్ కొట్టు మీదికి వెళతానన్నాడు. పిచ్చమ్మ కాళ్ళావేళ్ళా పడి ఆపింది. గొడవ పడితే ఆ మనిషి ఇంకేం చేస్తుందోనని. పటం తీసెయ్యడానికీ చెయ్యి రాలేదు. తీస్తే ఏమవుతుందో, ఉంచితే ఏమవుతుందో. అఖిలను అడగడానికి నోరు రాలేదు. తను దేన్ని చూస్తోందో ఆ పిల్లకు తెలియకపోతే తెలియచెప్పి చంపినట్టవుతుంది. పైగా ఏడో నెలలో పుట్టిన బిడ్డలైనా దక్కుతారు గానీ ఎనిమిదో నెలలో కష్టమని ఎవరో అన్న మాట ఆమె చెవిలో తిరుగుతూనే ఉంది. పిచ్చమ్మ ఆ గుమ్మం దగ్గరే చాప వేసుకుంది. అన్నం సహించేది కాదు.

ఒక మధ్యాహ్నం పెరట్లోంచి వచ్చేసరికి గది తలుపు మూసి ఉంది. ఘాటుకు వేసుకుని ఉంటుందని తోయబోయి ఆగింది. లోపల అఖిల మాట్లాడుతోంది. ఫోను బయట కిటికీలో ఉంది. పిచ్చమ్మ చెవి ఆనించింది. గొంతు తగ్గించి, చంటిపిల్లలతో మాట్లాడినట్టు మాట్లాడుతోంది. మాటలు సరిగా తెలియలేదు. చివరిది మాత్రం తెలిసింది.

"ఇంకొన్నాళ్ళు. ఇక్కడే ఉండు."

పిచ్చమ్మ తలుపు తోయకుండా వెనక్కి వచ్చింది. ఇన్నాళ్ళూ పిల్ల దాన్ని చూస్తోందనే భయపడింది. దానితో మాట్లాడుతోందని ఇప్పుడు తెలిసింది.

మర్నాడు పొద్దున అఖిల స్నానానికి వెళ్ళగానే పిచ్చమ్మ గదిలోకి దూరి, దాని మొహం చూడకుండా తల పక్కకు తిప్పి, పటాన్ని మేకు నుంచి దించింది. పాత చీరలో చుట్టి, చంకన పెట్టుకుని, దగ్గరి దారిన మౌలాబీ కొట్టుకు నడిచింది. ఎదురైనవాళ్ళు చంకలోది ఏమిటో కనిపెట్టి పక్కకు తప్పుకున్నారు.

మౌలాబీ బల్ల దగ్గర ఉత్తినే కూర్చుని ఉంది. వెనక మూలన ఒక పటం గోడవైపు మొహం తిప్పి ఆనించి ఉంది. పిచ్చమ్మ చీర మూటను బల్ల మీద ఎత్తేసింది. లోపల అద్దం చిట్లిన చప్పుడైంది.

"మా ఇంట్లో నీకేం లోటు చేశాం మౌలాబీ? మా ఆయన పోయినప్పుడు ఫోటో కట్టింది నువ్వేగా. మా ఇంటి మంచీ చెడూ ఎరిగినదానివి."

మౌలాబీ మూట వైపు చూసి లేచి నిలబడింది. ఆమె మొహంలో కోపం లేదు. భయం ఉంది.

"ఇది ఎందుకు తీశావు వదినా? వెంటనే తీసుకెళ్ళి ఉన్నచోట పెట్టు. ఆ పిల్ల చూసుకోకముందే పెట్టు."

"ఎందుకు పెట్టాలి? పెట్టకపోతే ఏమవుద్ది?"

"నన్ను అడగొద్దు. నడు ముందు."

పిచ్చమ్మ ఇంకేదో అనబోతుండగా ఫోను మోగింది. లక్ష్మీకాంత్ గొంతు గుర్తుపట్టలేనట్టు ఉంది. కాయలు దింపడానికి ఇంటికి వస్తే అఖిల తలుపు పట్టుకుని నేల మీద కూర్చుని ఉందట. నొప్పులట. కారు మాట్లాడాడు, ఒంగోలు తీసుకెళ్ళాలి. "పటం ఏదీ, పటం ఏదీ అంటోందమ్మా. నువ్వెక్కడున్నావు?"

కారు కొట్టు ముందుకే వచ్చింది. పిచ్చమ్మ వెనక సీట్లోకి ఎక్కి కోడలి తల ఒళ్ళో పెట్టుకుంది. పిలవకుండానే మౌలాబీ చీర మూటతో ముందు తలుపు తీసింది. లక్ష్మీకాంత్, అత్తా మీరు దిగండి అన్నాడు, మర్యాదగానే గానీ పళ్ళ బిగువున. ఆమె దిగలేదు. వెనక్కి తిరిగి మూట విప్పి, చిట్లిన అద్దం పిల్లకు గుచ్చుకోకుండా చీర మడత అడ్డం పెట్టి, చట్రం అంచు అందించింది. అఖిల కళ్ళు మూసుకునే ఆ అంచు పట్టుకుంది. ఒంగోలు దాకా వదల్లేదు. నొప్పి వచ్చినప్పుడల్లా ఆ వేళ్ళు తెల్లగా అయ్యేవి. అది చూస్తూ పిచ్చమ్మ ఇష్టదైవాలన్నిటినీ పిలిచింది. పిల్ల ఇక తమ పిల్ల కాదేమో అనిపించింది. ఆ జంతువు కారులో తమతోనే వస్తున్నట్టుంది.

ఆస్పత్రిలో స్ట్రెచరు లోపలికి వెళ్ళాక ఆ వసారాలో ముగ్గురు మిగిలారు. లక్ష్మీకాంత్ కాగితాల మీద సంతకాలకు వెళ్ళాడు. బెంచీకి ఆ చివర మౌలాబీ, ఒళ్ళో పటం. ఈ చివర పిచ్చమ్మ. నెలలు నిండలేదు, చూద్దాం అని డాక్టరమ్మ చెప్పి వెళ్ళింది. ఆ చూద్దాం అన్న మాట పిచ్చమ్మ ఇదివరకు రెండుసార్లు వింది. ఆ చివర మౌలాబీ చేతివేళ్ళు చట్రం మీద ఒకచోట నిలవడం లేదని గమనించింది. కావాలని చేసిన మనిషైతే ఎందుకు వణుకుతుంది? ఆ ప్రశ్న పిచ్చమ్మకు మొదటిసారి వచ్చింది. దాన్ని పట్టుకుని ఆలోచించే స్థితిలో లేదు.

ఎంతసేపైందో తెలియదు. లోపల ఎవరో గట్టిగా ఏదో చెప్పారు. తర్వాత ఏమీ వినపడలేదు. పిచ్చమ్మ లేచి తలుపు దగ్గరికి వెళ్ళింది. తర్వాత సన్నగా, పిల్లి కూతలా, ఆగి ఆగి ఒక ఏడుపు. మళ్ళీ ఆగింది. మళ్ళీ వచ్చింది, ఈసారి కోపంగా.

నర్సు గుడ్డలో చుట్టిన పిల్లను తెచ్చి చూపించింది. ఆడపిల్ల, బరువు తక్కువ, కొన్నాళ్ళు గాజుపెట్టెలో ఉంచుతాం, తల్లి బాగానే ఉంది అని చెప్పింది. పిచ్చమ్మ ముందు చూసింది ముక్కు. తర్వాత, ఎవరేమనుకున్నా సరేనని, గుడ్డ తొలగించి మెడ వెనక చూసింది. ఎర్రటి మెత్తటి చర్మం, నూగు. ఇంకేమీ లేదు. నర్సు విసుక్కుని పిల్లను తీసుకుపోయింది.

పిచ్చమ్మ బెంచీ మీద కూలబడి ఏడ్చింది. ఏడుపు తగ్గాక జరిగి జరిగి మౌలాబీ పక్కకు వచ్చింది. ఊరంతా నమ్మిందీ, తను నమ్మిందీ, ఆ పొద్దున కొట్టులో చూసిన భయమూ ఒకదానికొకటి అతకడం లేదు.

"ఇప్పుడైనా చెప్పు మౌలాబీ. పటం మార్చింది నువ్వా కాదా? అన్ని మాటలు పడుతూ నోరెందుకు విప్పలేదు?"

మౌలాబీ కొంగుతో మొహం తుడుచుకుంది.

"మార్చింది నేనే వదినా. మార్చమన్నది మీ కోడలు. చెద పట్టిన పటం తెచ్చి బల్ల మీద బోర్లా పెట్టింది, తిప్పనియ్యలేదు, ఇప్పటికీ కొట్టు మూలన అట్టాగే ఉంది. రెండుసార్లు ఉత్త చేతులతో ఇంటికొచ్చి పడుకున్నాను పిన్నీ, రెండుసార్లూ వీడు గోడ మీద నవ్వుతానే ఉన్నాడు, ఈసారి వీణ్ణి చూస్తా పడుకోలేను అంది. అప్పుడు చూసింది దీన్ని. ఒంటినిండా రేకులున్నాయి, దీన్ని దాటుకుని నా దగ్గరికి ఏదీ రాలేదు, ఇది నాకు కాపలా ఉంటది, ఇదే కట్టివ్వు అంది. నువ్వు ముచ్చటపడి కొన్న పటం, తెలిస్తే నీ మనసు కష్టపడుద్దని, బిడ్డ ఏడుపు నీ చెవినపడేదాకా చెప్పొద్దని నా చేత ఒట్టేయించుకుంది. ఆ ఒట్టు తీరేదాకా ఊరొదలకూడదనే అనీస్ పిలిచినా పోలేదు. ఇందాక విన్నావుగా, అందుకని చెబుతున్నా. సరేగానీ, అద్దం నువ్వే పగలగొట్టావు, వేరేది నేను కోసి వేస్తాలే. తల్లీ పిల్లా ఇద్దరూ ఇంటికొచ్చేలోపు దీన్ని మళ్ళీ ఆ మేకుకే తగిలించు వదినా."